పప్పు ఉడికిన నీళ్లు

మా చెల్లెలు మీరా పోయి నలభై రోజులైందని కిందటి నెల మా ఊరు వెళ్లాను. కారంపూడిలో బస్సు దిగి ఆటో ఎక్కితే పావుగంట. ఫాతిహా చదివించి, వచ్చినవాళ్లకు అన్నాలు పెట్టి, అందరూ వెళ్లాక అమ్మ నడుం వాల్చింది. నేను వంటింట్లో గిన్నెలు సర్దుతూ పై అరలోకి చెయ్యి పెడితే అమ్మ పాత పప్పుకుండ తగిలింది. అడుగున మసి పేరుకుపోయి, అంచు ఒకచోట విరిగిన మట్టికుండ. కుక్కర్ వచ్చాక దాన్ని ఎవరూ కిందికి దించలేదు. పారెయ్యడానికి అమ్మకు మనసు రాలేదు కాబోలు. దాన్ని ఒళ్లో పెట్టుకుని అక్కడే నేల మీద కూలబడి చాలాసేపు ఏడ్చాను.

కుండను చూసి ఏడవడమేమిటని ఎవరైనా అనుకోవచ్చు. మా ఇంట్లో జరిగిందంతా ఆ కుండ దగ్గరే మొదలైంది. నేను ముప్పై ఏళ్లకు పైగా బడిపిల్లలకు పాఠాలు చెబుతున్న మనిషిని. ఒకే లెక్కను పదిసార్లు చెప్పడానికి ఏనాడూ విసుక్కోలేదు. మా ఇంట్లో చెప్పవలసిన మాటను మాత్రం ఒక్కసారి చెప్పి ఊరుకున్నాను. నేను ఊరుకున్న ఫలితం మా చెల్లెలు అనుభవించింది.

మేం దూదేకులవాళ్లం. ముస్లింలమే అయినా ఇంట్లో తెలుగే మాట్లాడతాం, అమ్మా నాయనా అనే పిలుస్తాం. మా నాయన ఖాసిం మోటార్లు బాగుచేసేవాడు. చుట్టుపక్కల ఏ చేలో బోరు మోటారు కాలినా సైకిలు మీద ఆయన్ను తీసుకుపోయేవాళ్లు. మోటార్ల ఖాసిం అంటే తెలియనివాళ్లు లేరు. ఆయన చొక్కా ఎన్ని ఉతుకులు ఉతికినా వార్నిష్ వాసన పోయేది కాదు. సాయంత్రం ఇంటికొచ్చి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంటే, వేళ్ల సందుల్లో దిగిన రాగితీగ ముక్కలను నేను పిన్నీసుతో తీసేదాన్ని. అలా తీయించుకుంటూ నిద్రపోయేవాడు. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా మోటార్ల షాపు ముందు తగిలితే నా కాళ్లు ఆగిపోతాయి.

నా చిన్నప్పుడు మా వీధికంతా ఒకటే కుళాయి. సాగర్ కాలువ నీళ్లను చెరువులోకి ఎక్కించి, అక్కడి నుంచి ట్యాంకులో నింపి మాకు వదిలేవాళ్లు. రోజు విడిచి రోజు, అదీ ఒక గంట. కాలువకు కొత్తనీరు వచ్చే రోజుల్లో ఎర్రగా వచ్చేవి. చిల్లగింజను తడిపి కడవ లోపల అంతా రుద్దితే తెల్లారేసరికి మడ్డి అడుగుకు దిగేది. పైన తేరిన నీళ్లను అమ్మ పాత పంచె మడతలోంచి వడగట్టి తాగే కుండలో పోసేది. ఊళ్లో బావులు లేకపోలేదు. కానీ మాది నాపరాయి నేల, ఆ నీళ్లలో సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. ఎన్ని పుల్లలు ఎగదోసినా బద్ద బద్దగానే ఉండేది. అందుకే మా వైపు పిల్లను ఇచ్చేటప్పుడు పెద్దవాళ్లు ముందు అడిగే మాట, ఆ ఊళ్లో నీళ్లకు పప్పు ఉడుకుతుందా అని. ఉడికితే మంచినీళ్లు, ఉడక్కపోతే చెడ్డనీళ్లు. మా పల్నాటి ఆడవాళ్లకు అంతకు మించిన పరీక్ష లేదు.

నాకు, మీరాకు పదమూడేళ్ల తేడా. మధ్యలో ఇద్దరు పుట్టి పురిట్లోనే పోయారు. మీరా కడుపులో ఏడో నెలగా ఉన్నప్పుడు అమ్మ ఒకరోజు కుళాయి దగ్గర బిందె వరసలో పెట్టి, ఎండకు తట్టుకోలేక పక్కింటి అరుగు మీద కూర్చుంది. వంతు వచ్చిందనుకుని లేచి వెళ్తే ఎవరో ఆమె బిందెను వరస చివరికి నెట్టేశారు. అడిగినందుకు మాటా మాటా పెరిగింది. ఆ తోపులాటలో అమ్మ బురదలో జారి పడింది. మా పక్కింటి వెంకాయమ్మత్త చెయ్యందించి లేపి, ఇంటిదాకా నడిపించుకొచ్చింది. కడుపులో బిడ్డ కదిలేదాకా ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మంచం మీద కూర్చున్నారు. నేను గుమ్మంలో నిలబడి అమ్మ పొట్టవైపే చూస్తున్నాను.

నాయన పని నుంచి వచ్చి సంగతి విని, చేతిలో రెంచీలు గోడకేసి కొట్టాడు. అంత కోపం ఆయనలో నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

"ఊరందరి బోర్లలో మోటార్లు దించేది నేను. నా పెళ్లాం బిందె పట్టుకోని జనం కాళ్లకింద పడిద్దా? ఇయ్యాల్టి నుంచి నా ఇంట్లో ఎవురూ ఆ కుళాయి దిక్కు పోమాకండి. మనింట్లోనే బోరేయిస్తా" అన్నాడు.

వెంకాయమ్మత్త నవ్వి, "ముందు నీళ్లు పడనీ ఖాసిమన్నా, మీసం తర్వాత తిప్పుదువుగానీ" అంది.

మీరా పుట్టి మూడో నెల నడుస్తుండగా బోరు లారీ వచ్చింది. అంతకుముందే పాయింటు చూసే తాత ఒకాయన వచ్చి, అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని మా దొడ్డంతా తిరిగాడు. మోటార్ల లోపల ఏముందో తెలిసిన మా నాయనకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. "కాయ లేచేది ఆయన బొటనవేలు తోస్తే" అని నా చెవిలో గొణిగాడు. అయినా చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని తాత వెనకే నడిచాడు. వంటింటి గోడకు నాలుగు అడుగుల అవతల కాయ నిలబడింది. అక్కడే మేకు కొట్టారు. వంటింటికి దగ్గర పడిందని అమ్మ ముఖం వెలిగిపోయింది.

లారీ రోజంతా మోగింది. నాపరాయి పిండి తెల్లగా లేచి ఇళ్ల మీద, ఆరేసిన బట్టల మీద, మా తలల మీద పడింది. తమిళ కూలీల కళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. మీరా ఏడుస్తుంటే అమ్మ ఆ పిల్ల చెవుల్లో దూది పెట్టి, తలుపులు బిగించి, లోపల కూర్చుని అల్లాకు దుఆ చేస్తోంది. వంద అడుగులు దాటినా పొడే. నూటయాభైకి కొంచెం చెమ్మ. నాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. సాయంత్రం ఎండ వాలుతుండగా పైపులోంచి ఒక్కసారిగా బురద, వెంటనే నీళ్లు ఎగజిమ్మాయి. నాయన చొక్కాతోనే ఆ నీళ్ల కింద నిలబడి చిన్నపిల్లాడిలా గంతులేశాడు. వెంకాయమ్మత్త పసుపూ కుంకుమా తెచ్చి పైపుకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. అమ్మ ఊదొత్తులు వెలిగించి, చక్కెర మీద ఫాతిహా చదివించింది. ఎవరి దేవుడికి వాళ్లు మొక్కుకున్నాక, ఇద్దరూ కలిసి పప్పుకుండ పొయ్యి మీద పెట్టారు.

పప్పు ఉడికేదాకా వీధిలో సగంమంది ఆడవాళ్లు మా వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. నా పరీక్షల ఫలితాల కోసం కూడా మా ఇంట్లో ఎవరూ అలా ఎదురుచూడలేదు. రెండు పొంగులు రాగానే వెంకాయమ్మత్త గరిటెతో నాలుగు బద్దలు తీసి వేళ్ల మధ్య నలిపింది. మెత్తగా పిండైపోయింది. "అమ్మో, ఉత్త వెన్నేనే ఇది! గుత్తి కూడా పెట్టక్కర్లా!" అని అరిచింది. చెంబుతో నీళ్లు తాగి చూశారు, కొబ్బరినీళ్లంత తియ్యగా ఉన్నాయి. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, వేలికొసతో ఒక చుక్క తీసి నిద్రపోతున్న మీరా పెదాల మీద అద్దింది. మా చెల్లెలు ఆ నీళ్లు మొదట రుచి చూసింది అప్పుడే.

ఆ తర్వాత ఏళ్లు మా అమ్మ జీవితంలో మంచి రోజులు. కుళాయి దగ్గర కిందపడ్డ మనిషి ఇప్పుడు వీధికి నీళ్లు పోసే మనిషైంది. పప్పుకీ టీకీ మా నీళ్లే కావాలని అందరూ బిందెలతో వచ్చేవాళ్లు. ఆ రోజు తన బిందెను నెట్టినామెకు కూడా అమ్మ కాదనకుండా పోసింది. కాకపోతే బిందె నిండేదాకా ఆమెను ఎండలో నిలబెట్టేది, అంతవరకూ నిజం. ఇంట్లో ప్రతిదీ ఆ నీళ్లతోనే. పొద్దున్నే మోటారు వేసిన శబ్దానికి నాకు మెలకువ వచ్చేది. తడిసిన నాపరాళ్ల వాసన, కట్టెల పొగ, మీరా కోసం కాచే రాగిజావ వాసన కలిసి వచ్చేవి. పుట్టి పోయిన ఇద్దరి బెంగ అమ్మకు తీరలేదు. మీరా ఏ కాస్త దగ్గినా, కాస్త వాడినా గ్లాసెడు నీళ్లు పట్టించేది. పంచాయతీవాళ్లు ఇంటింటికీ కుళాయి పైపులు వేస్తూ మా గుమ్మం దాకా వస్తే, నాయన నవ్వుతూ పంపేశాడు. "మా ఇంటి కింద గంగుంటే మీ మురికినీళ్లు మాకెందుకయ్యా, ఎవురికన్నా లేనోళ్లకి ఇయ్యండి" అన్నాడు.

నేను టీచర్ ట్రైనింగులో చేరేసరికి మీరాకు ఆరేళ్లు. మా సైన్సు మేడం ఒకసారి అందరినీ ఇంటి నుంచి సీసాతో నీళ్లు తెమ్మంది. ఎవరి నీళ్లలో ఏముందో పరీక్ష చేయించి చెబుతానంది. నేను ఎంత గర్వంగా తీసుకెళ్లానో! వారం తర్వాత ఆమె క్లాసులోకి వచ్చి, ఒక కాగితం చూసుకుని, నా పేరు పిలిచింది.

"హుస్సేన్‌బీ, మీ నీళ్లలో పప్పు బాగా ఉడుకుతుందా?"

"చాలా బాగా ఉడుకుతుంది మేడం" అన్నాను.

"తియ్యగా కూడా ఉంటాయి కదూ" అంది. తర్వాత కళ్లజోడు తీసి, "మీ ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా అమ్మా?" అని అడిగింది.

ఆమె బోర్డు మీద రాసి మరీ చెప్పింది. సున్నం తక్కువగా ఉన్న నీళ్లలో పప్పు త్వరగా ఉడుకుతుందట. అలాంటి నీళ్లలోనే రాతిలోని ఫ్లోరైడ్ ఎక్కువగా కరుగుతుందట. పళ్లు వచ్చే వయసులో తాగితే పళ్లకు గార పడుతుందని, పెరిగే ఎముకలు వంగిపోతాయని, మరిగించినా అది పోదని చెప్పింది. నావి అప్పటికే వచ్చిన పళ్లు, పెరిగిన ఎముకలు. మీరాకు అప్పుడే ముందు పాలపళ్లు ఊడుతున్నాయి. ఆ శనివారం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇంట్లో ఎలా చెప్పాలో మాటలు కూడబలుక్కుంటూ వచ్చాను.

నేను వెళ్లేసరికి నాయన ప్రహరీ బయట సిమెంటు తొట్టి కడుతున్నాడు. దారినపోయేవాళ్లు, పశువులు తాగడానికి. పక్కన మీరా కూర్చుని ఇసుకలో ఇళ్లు కడుతోంది. అమ్మ ఇటుకలు అందిస్తోంది. నేను సంచీ కూడా దించకుండా మేడం చెప్పిందంతా చెప్పాను. అమ్మ ఫక్కున నవ్వింది.

"నీళ్లకి రోగమేందే? ఈ నీళ్లలో పప్పెట్టా ఉడికిద్దో నువ్వు చూళ్లా? ఆ మేడంని ఒకసారి తీసుకురా, పప్పన్నం పెడతా."

నాయన నవ్వలేదు. తాపీ కిందపెట్టి, సిమెంటు చేతులతో అలాగే నిలబడ్డాడు. "నా బోరు నీళ్లు బిడ్డల్ని చెరిపిద్దంటావా అమ్మా?" అన్నాడు. కోపంగా అని ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో. మెల్లగా అన్నాడు. "ఏమో నాయనా, కాగితంలో అట్టా వచ్చిందంట. అన్ని నీళ్లూ ఒకటి కాదుగా" అనేశాను. ఆయన మళ్లీ తాపీ అందుకున్నాడు. నేను లోపలికి వెళ్లి బట్టలు మార్చుకున్నాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఎందుకు ఎత్తలేదో ఇన్నేళ్లలో నాకు నేను చాలా కారణాలు చెప్పుకున్నాను. పంతొమ్మిదేళ్ల పిల్లను, పెద్దవాళ్లు వినకపోతే ఏం చేస్తాను అనుకున్నాను. వెంటనే ఉద్యోగం, పెళ్లి, నరసరావుపేటలో కాపురం అనుకున్నాను. ఏవీ నిలబడవు. నాయన ముఖం చిన్నబోవడం చూడలేక చెల్లెల్ని వదిలేశాను. ఇదే నిజం.

మీరాకు కొత్త పళ్లు పచ్చగా, గోధుమరంగు చారలతో వచ్చాయి. అమ్మ బొగ్గుతో తోమించింది, ఉప్పుతో తోమించింది, చిగుళ్ల నుంచి రక్తం కారేది. పదేళ్లకు మోకాళ్లు ఒకదానికొకటి తగలడం మొదలైంది. దిష్టి అన్నారు, పోలియో అన్నారు, బలం తక్కువ అన్నారు. ఊళ్లో ఆరెంపీ డాక్టరు టానిక్కులు రాశాడు. ఆ టానిక్కును కూడా అమ్మ ఆ నీళ్లలోనే కలిపి తాగించింది. మా వీధిలో ఇంకొందరు పిల్లలకు పళ్లు అలాగే వచ్చాయి. కానీ వాళ్ల ఇళ్లలో మా నీళ్లు పప్పుకీ టీకే. మా ఇంట్లో అన్నిటికీ అవే.

మీరా నాలాంటిది కాదు, మాటకారి. నవ్వేటప్పుడు ఓణీ అడ్డం పెట్టుకునేది గానీ నవ్వడం మానలేదు. "అక్కవి పింగాణీ పళ్లు, నావి బంగారప్పళ్లు. దొంగలొస్తే నన్నే ఎత్తుకుపోతారు" అనేది. నడిచి బడికి వెళ్లలేక ఏడో తరగతితో మానేసి, కుట్టు నేర్చుకుంది. ఊళ్లో కొత్త పెళ్లికూతుళ్ల జాకెట్లన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి. ముప్పై దాటాక మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిరగాల్సి వచ్చేది. నేను వెళ్తే మిషను ఆపి, కుర్చీతో సహా నా వైపు తిరిగి, "రావే పంతులమ్మా, ఈ కలెక్టరు నీకోసం మొత్తం తిరిగింది చూడు" అనేది. నేను నవ్వేదాన్ని. నవ్వి, వంటింట్లోకి వెళ్లి గోడ పట్టుకుని నిలబడేదాన్ని. నీళ్ల సంగతి నాకు ముందే తెలుసు అని ఆమెకు చెప్పడానికి ఎన్నిసార్లు దగ్గర కూర్చున్నానో. ప్రతిసారీ బిడ్డల సంగతో, చీరల సంగతో మాట్లాడి బస్సుకు టైమైందని లేచేదాన్ని.

మీరాకు పదిహేనేళ్లప్పుడు నాయన పోయాడు. చివరి రోజుల్లో ఆయన నడుమూ పట్టేసింది, మోటార్లు ఎత్తి ఎత్తి అనుకున్నాం. ఆయన పోయిన ఏడాదికి మీరాను గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరు ఎక్స్‌రే కూడా చూడకుండా, పళ్లు చూసి, "ఏ నీళ్లు తాగుతారు?" అని అడిగాడు. అమ్మ నా వైపు చూడలేదు. నేను అమ్మ వైపు చూడలేదు. వచ్చిన వారంలోనే పంచాయతీకి వెళ్లి ఇంటికి కుళాయి వేయించాను. అమ్మ ఏ మాటా లేకుండా తాగే నీళ్లు అందులో పట్టడం మొదలుపెట్టింది. మోటారు మాత్రం అంట్లకూ బట్టలకూ అలాగే ఆడింది. ఎవరైనా బోరు సంగతి ఎత్తితే, "దాని రాత" అని లేచి పోయేది. ఆమె ఇంకా నమ్మడం లేదనే అనుకున్నాను.

ఇప్పుడు మా వీధిలో ఇంటింటికీ కుళాయి ఉంది, నీలం డబ్బాల్లో ఫిల్టరు నీళ్లు ఆటోలో వస్తాయి. మా మనవరాలు మూతకు సీలు లేకపోతే తాగదు. ఆ పిల్లను చూసి మా పాతకాలం నీళ్ల రుచి మీకేం తెలుసు అని గొప్పలు పోవడానికి నాకు నోరు రాదు. పాతరోజులే బాగుండేవని నా వయసువాళ్లు అంటుంటే తలాడించలేను. ఆ రోజుల్లో మా ఇల్లు నిండుగా ఉండేది, వీధంతా మా గుమ్మంలో ఉండేది, అమ్మ తల ఎత్తుకుని తిరిగేది. ఆ నిండుతనానికి వెల మా చెల్లెలు కట్టింది.

ఈ వానాకాలంలో మీరాకు జలుబు చేసి, అది గుండెల్లోకి దిగింది. వంగిన వెన్నుతో ఊపిరి ఆడలేదు. ఒక ఉదయం పది గంటలకు పోయింది. నేను వెళ్లేసరికి ఆడవాళ్లు గుసుల్‌కు ఏర్పాట్లు చేస్తున్నారు, చివరి స్నానానికి. రేగాకు కోసుకొచ్చారు. కుళాయి పొద్దున్నే వచ్చి ఆగిపోయింది. ఎవరో వెళ్లి బోరు మోటారు వేశారు. నీళ్లు డ్రమ్ములో పడుతున్న శబ్దం వినగానే, శవం పక్కన అప్పటిదాకా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్న అమ్మ, చేతికర్ర కూడా తీసుకోకుండా లేచి వచ్చింది.

"ఆపండే! ఆపండే ఆ మోటారు!"

"ఒళ్లు కడగటానికేగా అత్తా..." అంది మా మరదలు వరస అమ్మాయి.

"నా బిడ్డ మీద ఆ నీళ్లు పొయ్యొద్దు. చేసింది చాల్దా? ఇంకా ఏం చెయ్యాలంట దాన్ని?" అంటూ స్విచ్చు బోర్డు మీద చేత్తో కొట్టింది. అలాగే గోడకు జారబడి కూర్చుండిపోయింది.

వీధిలో ఎవరింట్లో పట్టి ఉంచిన కుళాయి నీళ్లు వాళ్లు బిందెలతో తెచ్చారు. కాచి, రేగాకు వేసి, చెక్క మీద మీరాను పడుకోబెట్టాం. కాళ్లు చాపబోతే రాలేదు. పెద్దామె ఒకావిడ గట్టిగా నొక్కబోతే, "వద్దులేమ్మా, నొప్పెడతది" అన్నాను, బతికి ఉన్న మనిషి గురించి అన్నట్టు. మోకాళ్లు వంగినట్టే ఉంచి కఫన్ గుడ్డ చుట్టాం.

నలభయ్యో రోజు సాయంత్రం అమ్మ లేచాక, దొడ్లో మంచం మీద ఇద్దరం కూర్చున్నాం. ఇక దాచుకోలేక అడిగాను.

"నీళ్ల సంగతి నీకెప్పుడు తెలిసిందమ్మా?"

అమ్మ బోరు వైపు చూస్తూ, "నువ్వు చెప్పిన రోజే" అంది.

"మరి నవ్వావు గదమ్మా!"

"మీ నాయన మొగం చూసి నవ్వా. ఆయన ఎట్టా నిలబడ్డాడో నువ్వూ చూశావుగా. సగం నమ్మా, సగం నమ్మలా. చదువుకున్న పిల్ల, నిజమైతే మళ్లీ చెప్పిద్దిలే, ఇంకోసారి చెప్తే ఆయన ఏమనుకున్నా సరే బిడ్డకి కుళాయి నీళ్లే పట్టిద్దామనుకున్నా. ప్రతి శనివారం నువ్వు బస్సు దిగి వస్తంటే, ఇయ్యాల చెప్పిద్దేమోనని గుమ్మంలో నిలబడి చూసేదాన్ని." కొంగుతో ముక్కు తుడుచుకుని, నా ముఖంలోకి చూసింది. "నువ్వు వస్తానే చెంబు ముంచుకోని ఆ నీళ్లే గటగటా తాగేదానివి. నువ్వే తాగతంటే ఇంక అబద్ధమే అనుకున్నా."

నిజమే. తాగేదాన్ని. నాయన చూస్తున్నాడని తాగేదాన్ని.